నలభై ఒకటో గడి

ఆఫీసులో ఆవిణ్ణి అడ్డుపుల్ల అంటారు. మొహం మీద కాదు లెండి, చాటుగానే. కాకపోతే ఆ చాటు ఆవిడ కుర్చీకి నాలుగడుగుల దూరంలో, మంచినీళ్ళ డబ్బా దగ్గర ఉంటుంది. ఆవిడవి పాము చెవులు. అన్నీ వింటుంది, ఏమీ విననట్టు టకటకా టైపు చేసుకుంటూ ఉంటుంది. ఒకసారి ఎవరో తుంటరి ఐసుపుల్లలు వరసగా అతికించి ఆవిడ గది గుమ్మానికి అడ్డంగా కట్టి పోయాడు. ఆవిడ వాటిని ఓపిగ్గా విప్పి, సొరుగులో దాచుకుని, "పుల్ల బావుంది, జిగురే సరిగ్గా పెట్టలేదు" అంది.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ పని కెర్నల్ చూసుకోవడం. కెర్నల్ అంటే భయపడకండి, అదేం బ్రహ్మవిద్య కాదు. కంప్యూటరులో ప్రోగ్రాములు ముందు గదిలో కూర్చుని హడావిడి చేస్తుంటాయి. యంత్రాలు వెనక గదిలో ఉంటాయి. మధ్య గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చున్న గుమస్తా పేరే కెర్నల్. ముందు గదిలో వాళ్ళు వెనక గదిలో యంత్రంతో ఏదైనా చేయించుకోవాలంటే ఒక చీటీ రాసివ్వాలి. చీటీ నెత్తిన ఒక నంబరు, కింద కొన్ని ఖానాలు. గుమస్తా నంబరు చూసి, ఆ యంత్రం భాష తెలిసిన డ్రైవరుకి చీటీ అందిస్తాడు. డ్రైవరు యంత్రంతో పని చేయించి, జవాబు ఖానాల్లో నింపి వెనక్కి పంపుతుంది. అంతే.

చిక్కెక్కడంటే, ఆ నంబర్లూ ఖానాలూ ఒకసారి బయటికి వెళ్ళాయంటే వెళ్ళినట్టే. ఎక్కడ ఏ మూల ఏ పాత ప్రోగ్రాము ఆ చీటీ పట్టుకుని రోజూ గుమ్మం దగ్గరికి వస్తోందో ఎవడికి తెలుసు? అందుకని ఎవరైనా పాత చీటీ మీద చెయ్యి వేశారో, అడ్డుపుల్ల లేచేది. "మాటిచ్చాం బాబూ. ఇచ్చిన మాట వంకరగా ఉన్నా అదే మాట. నీకు నచ్చకపోతే కొత్త నంబరుతో కొత్త చీటీ పెట్టుకో. పాతదాన్ని ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతాను." ఈ ధోరణిలో ఇరవై రెండేళ్ళు గడిచాయి. విరిగిన చేతులు లేవు గానీ విరిగిన మనసులు చాలానే ఉన్నాయి.

ఇంట్లోనూ ఇదే చట్టం. ఆవిడ వంటింట్లో 'పంచదార' అని రాసున్న డబ్బాలో ఉప్పు ఉంటుంది. 'ఉప్పు' అని రాసున్నదాంట్లో పంచదార ఉంటుంది. పదిహేనేళ్ళ కిందట డబ్బాలు కడిగినప్పుడు అత్తగారు తారుమారు చేసి పోసేసింది. అప్పటికప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, తర్వాత చేతులకు అలవాటైపోయింది. ఒకసారి ఆడపడుచు వచ్చి, "ఇదేం సంసారం వదినా!" అని బుగ్గలు నొక్కుకుని, రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే అందరి కళ్ళ ముందూ డబ్బాలు సరిచేసి వెళ్ళింది. మర్నాడు పొద్దున్న ఇంటిల్లిపాదీ ఉప్పు కాఫీ తాగారు. అడ్డుపుల్ల ఆ ఆడపడుచుకి ఫోను చేసి, "తప్పో ఒప్పో, పదిహేనేళ్ళుగా ఈ ఇంటి చేతులకు అదే తెలుసు. దిద్దే హక్కు నీకెవరిచ్చారు?" అని కడిగేసి, డబ్బాలు మళ్ళీ తప్పుగా పెట్టేసింది. ఆవిడ భర్త పళ్ళ డాక్టరు. పగలంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే ఆయన, ఇంట్లో తన నోరు మాత్రం మూసుకునే ఉంటాడు. ఆ రోజూ మూసుకునే ఉన్నాడు.

ఇలా ఉండగా ఆఫీసుకి కొత్త మేనేజరు వచ్చాడు. నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు, కాకపోతే శుభ్రం పిచ్చి. బల్ల మీద కాగితం వంకరగా ఉంటే మాట్లాడుతూ మాట్లాడుతూనే సర్దేవాడు. వచ్చిన నెలకే 'వాడేవాళ్ళు లేని డ్రైవర్ల జాబితా' అని ఒకటి తయారుచేసి, శుక్రవారం నాడు వాటన్నిటినీ కెర్నల్లోంచి తీసేస్తానన్నాడు. ఆయనకు చీపురు అని పేరు పెట్టింది ఎవరో కాదు, అడ్డుపుల్లే. ఈవిడ మాత్రం తక్కువ తిందా ఏమిటి?

ఆ వారం, బుధవారం పొద్దున్న, ఆవిడకి పెద్దమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"ఏమే, టైప్‌రైటర్ కాదంటే అర్థమేమిటే?"

"ఏం టైప్‌రైటర్ పెద్దమ్మా?"

"నన్నడుగుతావేం? అంటోంది మీ కంప్యూటరు. పొద్దున్నుంచీ అచ్చు వెయ్యమ్మా అంటే 'నాట్ ఎ టైప్‌రైటర్' అని ఒకటే పాట. మంచం అంత మిషను, టైప్‌రైటర్ కాదని నాకు తెలీదూ? టైప్‌రైటరైతే ఒళ్ళో పెట్టుకుని నేనే కొట్టుకునేదాన్ని."

పెద్దమ్మ సంగతి చెప్పాలి. తొమ్మిదో ఏట జబ్బు చేసి చూపు పోయింది. ఇప్పుడు అరవై ఎనిమిది. చూపులేని పిల్లలు వేళ్ళతో తడిమి చదివే చుక్కల పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ఇరవై ఆరేళ్ళుగా ప్రూఫులు చూస్తుంది. చూస్తుంది అనే అంటుంది ఆవిడ, ఎవరైనా 'తడుముతుంది' అంటే ఊరుకోదు. తప్పు దొరికితే గోటితో కాగితం మీద గీరి, ఆ గీరిన చప్పుడుతోటే అచ్చువేసినవాడి ప్రాణం తీస్తుంది. "తప్పంటే తప్పే. మా అమ్మ చేసినా వదల్ను," అని ఆవిడ గొప్ప. ఆ మాట నిజమేనని ప్రెస్సులో గోడలు కూడా సాక్ష్యం చెబుతాయి.

అడ్డుపుల్ల ఆఫీసుకి సెలవు చీటీ పడేసి ప్రెస్సుకి వెళ్ళింది. పొడుగాటి హాలు, మందపాటి కాగితాల దొంతరలు, మధ్యలో ఇనప మిషను. అది నడిచే రోజుల్లో సూదులు కాగితంలో చుక్కలు పొడిచే మోతకి కిటికీ అద్దాలు గణగణలాడేవి. ఇవాళ చడీచప్పుడూ లేదు. పాత కంప్యూటరు కిందటి వారం పొగలు కక్కి చచ్చిపోయింది. కొత్తది కొన్నారు. దాంట్లో అడ్డుపుల్ల ఆఫీసువాళ్ళ కొత్త కెర్నలే ఉంది. అచ్చు ప్రోగ్రాము మాత్రం పాతదే. రాసిన మీసాలాయన ఎప్పుడో దేశాలు పట్టి వెళ్ళిపోయాడు, మూలప్రతి ఎవరి దగ్గరా లేదు.

ప్రెస్సు యజమాని మంచివాడే. కానీ పాత సామాన్లు కొనేవాడి ఫోను నంబరు కంఠతా వచ్చినవాడు.

"శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతానండీ," అన్నాడు. "సోమవారం బడి తెరుస్తారు. రెండో తరగతి పిల్లల చేతుల్లో వాచకం ఉండాలి. ఇది నడవకపోతే పని పక్క ఊరి ప్రెస్సుకిచ్చేసి, మిషను తీయించేస్తాను. ఇక చుక్కల అచ్చు మనకొద్దు."

చుక్కల అచ్చు లేకపోతే చుక్కల ప్రూఫూ లేదు. ఆ మాట ఆయన అనలేదు. అనక్కర్లేదు. పెద్దమ్మ ఏమీ మాట్లాడకుండా బల్ల అంచుని వేళ్ళతో అటూ ఇటూ రాస్తూ కూర్చుంది. ఆవిడ మాట్లాడకుండా కూర్చోవడం అడ్డుపుల్ల పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"టైప్‌రైటర్ కాదు అంటే ఏం లేదు పెద్దమ్మా," అంది, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి. "గుమస్తాకి తెలియని నంబరు చీటీ ఇచ్చారని అర్థం. యాభై ఏళ్ళ కిందట యంత్రాలన్నీ టైప్‌రైటర్ల లాగా ఉండే రోజుల్లో ఎవరో రాసిన వాక్యం. అదే ఇంకా అంటోంది."

"యాభై ఏళ్ళుగా ఎవరూ దిద్దలేదూ?"

"దిద్దకూడదు పెద్దమ్మా. దాన్ని నమ్ముకుని ఎన్ని ప్రోగ్రాములున్నాయో!"

"మీదంతా ఉప్పు డబ్బా వ్యవహారమే!" అంది పెద్దమ్మ. కొంచెం నవ్వింది. అంతే చాలనుకుంది అడ్డుపుల్ల.

ఆఫీసుకి తిరిగొచ్చి, ఆ మిషను డ్రైవరు ఫైలు తెరిచింది. చీపురు శుక్రవారం ఊడ్చేయబోయే జాబితాలో అదీ ఉంది. జబ్బు రెండు నిమిషాల్లో దొరికింది. ఈ చీటీలో ఒక ఖానా 'లాంగ్' అనే రకం. పాత కంప్యూటర్లలో ఆ రకం ఖానా నాలుగు అంగుళాలనుకోండి, కొత్తవాటిలో ఎనిమిది. ఖానా సాగితే చీటీ పొడుగవుతుంది. చీటీ నంబరులో చీటీ పొడుగు కూడా కలిసే ఉంటుంది కాబట్టి నంబరే మారిపోతుంది. పాత ప్రోగ్రాము పొట్టి చీటీ పట్టుకొస్తోంది, కొత్త గుమస్తా పొడుగు చీటీ కోసం చూస్తున్నాడు. ఇద్దరి తప్పూ లేదు. తప్పల్లా చీటీలో 'లాంగ్' అని రాసిన మహానుభావుడిది.

ఈ 'లాంగ్' గురించి అడ్డుపుల్ల ఏటా కొత్తవాళ్ళందరినీ కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇస్తుంది. "చీటీలో లాంగ్ రాసేవాడికి బుర్ర షార్టు" అనేది అందులో ముఖ్యమైన జోకు. ఏటా ఎవరూ నవ్వరు. ఆ కోపంతోనే ఫైలు పైకి జరిపి, ఈ బుర్రతక్కువ ఘనకార్యం ఎవరిదా అని చూసింది.

తన పేరే ఉంది. ఇరవై రెండేళ్ళ కిందటి తారీఖు, ఉద్యోగంలో చేరిన రెండో వారం. తర్వాత రాసిన వందల డ్రైవర్ల మధ్య ఇది తనదేనన్న సంగతే మరుగున పడిపోయింది.

దీపం కిందే చీకటంటే ఇదే కాబోలు. ఆవిడ మెల్లిగా తల తిప్పి మంచినీళ్ళ డబ్బా వైపు చూసింది. ఎవరూ లేరు. తెరని కాస్త తనవైపు తిప్పుకుని పనిలో పడింది. చెయ్యవలసింది తెలిసినదే, మధ్యలో ఒక దుబాసీని పెట్టాలి. పొట్టి చీటీ వస్తే తీసుకుని, పొడుగు చీటీలోకి మార్చి లోపలికిచ్చి, జవాబొచ్చాక మళ్ళీ పొట్టి చీటీలో రాసివ్వాలి. పాత ప్రోగ్రాముకి తను కొత్త ఊళ్ళో ఉన్నానన్న సంగతే తెలియకూడదు. గురువారం మధ్యాహ్నానికి దుబాసీ తయారైంది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

దుబాసీ సరిగ్గా పలుకుతున్నాడా లేదా అని ఒక్కో చీటీ జవాబూ చూస్తుంటే, 'గీతకి ఎన్ని గళ్ళు?' అనే చీటీ దగ్గర డ్రైవరు 'నలభై ఒకటి' అంది. గీతంటే అచ్చులో ఒక వరస, గడంటే ఒక అక్షరం చుక్కలు పట్టే చోటు. మిషను గీతకి నలభై గళ్ళే పొడుస్తుంది. అడ్డుపుల్ల కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. నలభై ఒకటే. కంచెకి నలభై ఖాళీలుంటే గుంజలు నలభై ఒకటి ఉంటాయి. ఆనాడు ఖాళీలు లెక్కపెట్టాల్సింది గుంజలు లెక్కపెట్టింది. ఒకటో తరగతి పిల్లలు చేసే తప్పు!

మొహం జేవురించింది. మార్చిన ఫైలు ఏదైనా మేనేజరు చూడందే ఆఫీసు దాటదు, ఒక గంటలో చీపురు వచ్చి ఈ ఫైలంతా చదువుతాడు. లాంగ్ సంగతి ఎలాగూ దాగదు. దాని పక్కన ఇదీనా? ఇరవై రెండేళ్ళ పరువు! ఆవిడ వేలు దానంతటదే వెళ్ళి ఆ ఒకటిని తీసేసింది. నలభై. ఇప్పుడు నిజం. తప్పు దిద్దితే తప్పేముందని తనకు తనే చెప్పుకుంది. ఇదే మాట ఇంకొకరు ఆవిడతో అనుంటే చెయ్యి విరిగేదే.

ఆఫీసులో నిజం మిషను లేదు కాబట్టి ఉత్తుత్తి మిషను ఒకటి పెట్టుకుని 'అ ఆ ఇ ఈ' అని నాలుగు పొట్టి గీతలు అచ్చువేసి చూసింది. భేషుగ్గా వచ్చాయి. చీపురు వచ్చాడు, చదివాడు, ఫైలు మొదట్లో ఆవిడ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే ఆవిడకి ఎక్కువ మండింది.

"దుబాసీ బావుంది మేడమ్," అన్నాడు. "కానీ లోకం మొత్తం మీద దీన్ని వాడేది ఒక్క మిషను. ఒక్కదాని కోసం ఇంత పని అవసరమా? రేపు నేనూ వస్తాను. నడిస్తే జాబితాలోంచి తీసేస్తాను. నడవకపోతే ఊడ్చేస్తాను."

శుక్రవారం పదింటికి ఇద్దరూ ప్రెస్సులో ఉన్నారు. అడ్డుపుల్ల కొత్త డ్రైవరు ఎక్కించి మీట నొక్కింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత దడదడమని మిషను లేచింది. అద్దాలు గణగణలాడాయి. యజమాని "హమ్మయ్య!" అని కుర్చీలో కూలబడ్డాడు. చీపురు, పాపం, చెవులు మూసుకుని కూడా నవ్వుతున్నాడు. పెద్దమ్మ మాత్రం ఏ భావమూ లేకుండా చెయ్యి చాచి, "ఇటు తగలెయ్యండి," అంది.

మొదటి కాగితం ఆవిడ చేతిలో పెట్టారు. వేళ్ళు గీతల మీద పరిగెత్తాయి. పెద్దమ్మ పైకే చదవడం మొదలుపెట్టింది.

"ఊరి మధ్యలో ఉన్నాడు... కాదు, ఉంది. ఊరి మధ్యలో ఉంది ఒక పాత బావ."

హాల్లో అందరూ ఆవిడ వైపు చూశారు.

"పొద్దున్నే ఊళ్ళో ఆడవాళ్ళందరూ చేరి నీళ్ళు తోడతారు," పెద్దమ్మ గంభీరంగా కొనసాగించింది. "ఎంత తోడినా, ఎండాకాలంలో కూడా ఎండిపోడు... ఎండిపోదు ఈ బావ."

కాగితాలు సర్దే ఆవిడ ముందు కిసుక్కుమంది. యజమాని దగ్గు తెచ్చుకున్నాడు.

"గోడ మీద పాకుతోంది ఒక బల్ల. దాన్ని చూసి ఎగిరి గంతేసింది పిల్ల. ఆహా! బల్లలు పాకుతున్నాయి, పిల్లలు వాటిని పట్టుకు తింటున్నారు. ఇది రెండో తరగతి వాచకమే?"

చీపురు ఇక ఆగలేక గోడ వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. అడ్డుపుల్ల కూడా నవ్వబోయి ఆగి, బావ, బల్ల, పిల్ల అని వేళ్ళు మడిచింది.

కంటితో చదివే రాతలో గుడి అక్షరం నెత్తి మీదే ఉంటుంది. చుక్కల రాతలో గుడికి వేరే గడి, అక్షరం తర్వాత. గీత చివర 'బావి' అని ఉంటే ఆఖరి గడిలో ఉండేది వట్టి గుడి. అది కాస్తా పోతే మిగిలేది బావ. బల్లి బల్లవుతుంది, పిల్లి పిల్లవుతుంది. పెద్దమ్మకు కాగితం వృథా చేస్తే ఒళ్ళు మంట కాబట్టి, గీతలన్నీ ఆఖరి గడి దాకా నిండేట్టు ఆవిడే దగ్గరుండి పేర్పించింది. నిండిన ప్రతి గీతకీ తోక తెగింది.

"గుళ్ళన్నీ ఎక్కడికి పోయాయే?" అంది పెద్దమ్మ. "గుడిని మింగేవాడొకడైతే గుడినీ లింగాన్నీ కలిపి మింగేవాడు ఇంకొకడని, ఈ మిషను రెండో రకంలా ఉంది." అందరూ మళ్ళీ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. కాగితం బల్ల మీద పెట్టి చేత్తో ఒకసారి సాపుచేసి, "ఇది పిల్లల చేతికివ్వలేను," అంది.

నవ్వులు ఆగిపోయాయి. యజమాని జేబులోంచి ఫోను తీశాడు.

చీపురు మర్యాదస్తుడు. అడ్డుపుల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "మీ దుబాసీలో ఏ లోపమూ లేదు మేడమ్, నేను చూశాను కదా. ఆ పాత ప్రోగ్రామే ఎక్కడో చెడింది. మూలప్రతి లేదు, రాసినాయన లేడు. మీరు చెయ్యగలిగిందంతా చేశారు. వదిలెయ్యండి."

ఎంత చక్కటి దారి! తలూపితే చాలు. పరువు పరువులానే ఉంటుంది. అన్నీ పోయేది ఎవరికో కాదు, బల్ల అంచు రాస్తూ కూర్చున్న పెద్దమ్మకే. అడ్డుపుల్లకి తలూపాలని లేదు, నోరు విప్పాలనీ లేదు. నిజం చెప్పాలంటే భయం వేసింది.

ఈలోగా పెద్దమ్మ వేళ్ళు బావ ఉన్న గీత మీద మొదట్నుంచీ నడిచాయి. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. "ముప్పై తొమ్మిది," అంది. "ఒక గడి తక్కువ."

అడ్డుపుల్ల నాలుక మీదికి ఎప్పుడో తాగిన ఉప్పు కాఫీ రుచి వచ్చింది.

పాత ప్రోగ్రాముకి డ్రైవరు చెప్పేది అబద్ధమని ముందునుంచీ తెలుసు! నలభై ఒకటంటే ఒకటి తగ్గించుకుని నలభై పొడిచేది. ఇన్నేళ్ళూ ఆ అబద్ధమూ ఈ తీసివేతా కలిసి చక్కగా కాపురం చేశాయి. నిన్న తను వెళ్ళి అబద్ధాన్ని నిజం చేసింది. ప్రోగ్రాము ఎప్పటిలాగే ఒకటి తగ్గించింది. దిద్దే హక్కు నీకెవరిచ్చారు? ఎవరి గొంతో కాదు, తన గొంతే.

"ఫోను కాస్త ఆపండి," అంది యజమానితో. తర్వాత చీపురు వైపు తిరిగి, హాలంతా వినపడేట్టు చెప్పింది. "ప్రోగ్రాముది తప్పు కాదు. నాది. ఇరవై రెండేళ్ళ కిందట నలభైని నలభై ఒకటని రాశాను. నిన్న మీరు చూస్తారని సిగ్గేసి, చెప్పకుండా దిద్దేశాను. పాత మాట మార్చొద్దని అందరి మీదా అరిచేదాన్ని నేనే మార్చాను."

చీపురు నోరు తెరిచాడు. పళ్ళ డాక్టరు పక్కనుంటే ఉచితంగా పరీక్ష చేసేవాడు.

"అయితే ఇప్పుడు," అన్నాడు, "ఆ తప్పు మళ్ళీ పెడతారా?"

"పెడతాను."

"అబద్ధమని తెలిసీ?"

"అబద్ధమే. కానీ ఇరవై రెండేళ్ళుగా మాట మార్చని అబద్ధం. నిజం కావలసినవాళ్ళకి కొత్త నంబరుతో కొత్త చీటీ పెడతాను. ఇది మాత్రం నలభై ఒకటనే అంటుంది, మీరూ నేనూ పోయాక కూడా."

అడ్డుపుల్ల, పెద్దమ్మ బల్ల మీదే తన కంప్యూటరు తెరుచుకుని ఆ ఒకటిని మళ్ళీ కలిపింది. పక్కన ఇంకో వాక్యం రాసింది. 'ఇది తప్పని తెలుసు. చేసింది నేనే. దిద్దిన పాపాన పోకండి.' కింద తన పేరు రాసి, ఒక్క క్షణం ఆలోచించి, బ్రాకెట్టులో అడ్డుపుల్ల అని కూడా రాసింది. వెనక నుంచి చూస్తున్న చీపురు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన మంచినీళ్ళ డబ్బా దగ్గర ఆ పేరు చాలాసార్లే వాడాడు మరి.

మిషను మళ్ళీ దడదడలాడింది. కాగితం పెద్దమ్మ చేతికెళ్ళింది. ఈసారి ఆవిడ మొత్తం చదవలేదు. గీతల చివర్లే ఒకదాని తర్వాత ఒకటి తాకుతూ పోయింది.

"బావి," అంది. "బల్లి. పిల్లి. వచ్చాయమ్మా, గుళ్ళన్నీ వచ్చాయి." యజమాని ఫోను జేబులో పెట్టేసుకుని, కాగితాల కట్టలు తెమ్మని కేకలేశాడు. సాయంత్రానికి రెండో తరగతి వాచకాలు నూట పది కుట్టుకి వెళ్ళాయి. చీపురు తన జాబితా తీసి, ఆ డ్రైవరు పేరు మీద గీత కొట్టి, గీత వంకరగా వచ్చిందని పైన ఇంకోటి కొట్టాడు.

అందరూ వెళ్ళాక అడ్డుపుల్ల పెద్దమ్మ పక్కన కూర్చుంది. పొద్దున్నుంచీ మనసులో ఒకటి తొలుస్తోంది.

"ఆ మీసాలాయనకి నా లెక్క తప్పని తెలిసింది కదా పెద్దమ్మా. మరి మా ఆఫీసుకి ఒక ఉత్తరం ముక్క రాయొచ్చుగా? గుట్టుగా ఒకటి తగ్గించుకుని ఎందుకూరుకున్నాడు?"

"రాస్తాననే అన్నాడు," అంది పెద్దమ్మ. "నేనే వద్దన్నాను."

"నువ్వా?"

"నువ్వు రాసిన డ్రైవరు నలభై ఒకటంటుంటే నా వేళ్ళకి నలభయ్యే తగిలాయి. తప్పు పట్టింది నేనే. నీకప్పుడు ఉద్యోగంలో చేరి నెలైనా కాలేదు. ఆర్నెల్లు చూసి, బావుంటేనే ఉంచుకుంటారని నువ్వే చెప్పావు. ఆ ఉత్తరం వెళితే నిన్ను ఉంచుకునేవాళ్ళా? అందుకని, బాబూ, అమ్మాయి నలభై ఒకటంటే నలభై ఒకటే, మనమే ఒకటి తగ్గించుకుందాం అన్నాను."

అడ్డుపుల్లకి ఇరవై రెండేళ్ళుగా తను చేసిన ఉపన్యాసాలన్నీ, విరగ్గొడతానన్న చేతులన్నీ గుర్తొచ్చాయి. తను ఇంకా దుబాసీ అన్న మాటే నేర్వని రోజున, ఈవిడ తనకీ లోకానికీ మధ్య దుబాసీగా కూర్చుంది. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆపుకోవాలనీ అనిపించలేదు. పెద్దమ్మ చెయ్యి తీసుకుని కళ్ళకద్దుకుంది.

"చాల్చాల్లే, వేళ్ళు తడపకు, రేపు మూడో తరగతి వాచకం ఉంది," అని పెద్దమ్మ చెయ్యి లాక్కుంది. పాత బావ ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకుంది. లేచి, కర్ర అందుకుని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఒసే, ఈ సంగతి మాత్రం ఎవరితోనూ అనకు. ఇరవై ఆరేళ్ళలో తెలిసి తెలిసి నేను వదిలేసిన తప్పు అదొక్కటే."